కుంకుమ పెట్టిన వారంటీ పుస్తకం

కోలార్ బంగారు గనుల ఊళ్ళో, చాంపియన్ రీఫ్స్ అనే చోట, గని కార్మికుల ఇళ్ళ వరుసల్లో తెల్లవారకముందే చెప్పుల చప్పుడు మొదలవుతుంది. గనులు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటినుంచి అక్కడివాళ్ళు పిల్లలు లేవకముందే బెంగళూరు రైలుకు పరుగెత్తుతున్నారు, పిల్లలు పడుకున్నాక తిరిగి వస్తున్నారు. కొందరు అక్కడే గదుల్లో ఉండి ఆదివారాలే వస్తారు. తండ్రి గొంతు వారానికొకసారి వినే పిల్లలు ఆ వరుసల్లో ఎందరో.

యశ్వంత్ కూడా ఎనిమిదేళ్ళు అలాగే బెంగళూరు గదిలో గడిపాడు. తర్వాత ధైర్యం చేసి డీజిల్ కారు ఒకటి కొన్నాడు. బెంగళూరు దారిలోని నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే ఆరుగురిని రోజూ షిఫ్టుకు తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చే పని దొరికింది. ఉదయం తొమ్మిదికల్లా ఇంటికి వచ్చి, ఆరేళ్ళ కూతురు వినుతకు జడ వేసి బడిలో దిగబెట్టేవాడు. ఆ వంకర జడ చూసి భార్య రత్న కడుపుబ్బ నవ్వేది. ఆ ఇంటికి ఆ కారంటే అదీ.

ఒకరోజు కోలార్ దాటాక ఎత్తు రోడ్డు మీద మరో టాక్సీ యశ్వంత్ కారును దాటిపోయింది.

"యశ్వంతన్నా, ఇది కారా, ఎద్దులబండా? వాడు ఫ్యాక్టరీ కాడికి పోయి టీ గూడా తాగేసుంటాడు!" అని వెనక సీటువాళ్ళు గొల్లుమన్నారు.

ఆ మాట యశ్వంత్‌ను గుచ్చింది. టాక్సీ స్టాండులో పెద్దవాడైన గుండప్ప దగ్గర బాధ చెప్పుకున్నాడు.

"దీనికేనా మొగం అట్ల పెట్టినావు? బెంగళూర్లో మనోడొకడుండాడు. లాప్‌టాప్ తగిలించి ఇంజన్ ప్రోగ్రాం మార్చేస్తాడు. ట్యూనింగ్ అంటారు. నేను చేయించినాను గదప్పా, ఎగిరి పోతాది!" అన్నాడు గుండప్ప.

"వారంటీ పోదా అన్నా?"

"సర్వీసుకు పోయే ముందర పాత ప్రోగ్రాం ఎక్కించేస్తే సరి. ఇంగ యాడ తెలుస్తాది వాళ్ళకి? బోనెట్ ఎత్తి సూస్తే ఇంజన్ రంగు మారి కనిపిస్తాదా ఏంది?"

ఇంటికి వచ్చి చెబితే రత్న ఒకటే అన్నది: "షోరూమోళ్ళను ఒక మాట అడగరాదా?"

"అడిగితే వద్దంటారులే" అని యశ్వంత్ చెప్పులు వేసుకుని, బెంగళూరు వెళ్ళి ప్రోగ్రాం మార్పించుకొచ్చాడు.

నాలుగు నెలలు కారు నిజంగానే ఎగిరిపోయింది. వెనక సీటువాళ్ళు ఇప్పుడు అతన్ని పైలట్ అని పిలిచేవారు. ఒక సాయంత్రం తిరిగి వస్తుండగా బోనెట్ కింద ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. వెనక తెల్లటి పొగ కమ్మింది. కారు రోడ్డు పక్కన ఆగిపోయింది. ఆరుగురూ బస్సెక్కి వెళ్ళిపోయారు. యశ్వంత్ చెప్పగానే గుండప్ప ఫోన్ చేసి బెంగళూరు మనిషిని రప్పించాడు. ఆగిన కారులోనే అతను పాత ప్రోగ్రాం తిరిగి ఎక్కించాడు. మరుసటిరోజు కారును లాగించి షోరూముకు చేర్చారు. యశ్వంత్ వెంట రత్న కూడా వెళ్ళింది.

అక్కడ సర్వీసు చూసే మధుర, యశ్వంత్‌కు చదువు చెప్పిన రామనాథ్ మాస్టారి కూతురు. కారుకు కంప్యూటర్ తగిలించి చాలాసేపు చూసింది. తర్వాత ఇద్దరినీ గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది.

"అన్నా, ఇంజన్ ప్రోగ్రాం మార్చినారా?"

"లేదమ్మా."

"రెండుసార్లు మారిందన్నా. రెండోసారి నిన్ననే, కారు చెడిపోయినాక. మార్చినప్పుడల్లా కారు తనలో తాను రాసిపెట్టుకుంటాది. నేను తుడిచినా పోదు." ఆమె గొంతులో కోపం లేదు. "మీకు వారంటీ పుస్తకం ఇచ్చినాం గదా?"

రత్న సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కారు కొన్నరోజు ఆ పుస్తకాన్ని తాళంచెవితోపాటు దేవుడి అరలో పెట్టి, గంధం పూసి కుంకుమ పెట్టారు. ప్రతి ఆయుధపూజకూ కొత్త బొట్టు పెడతారు. ఆ వరుసల్లో బండి ఉన్న ప్రతి ఇంటా అంతే. ఆ పుస్తకానికి దండం పెట్టనివారు లేరు, తెరిచినవారూ లేరు. గంధం ఆరి పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. మధుర గోటితో మెల్లగా విడదీసి, కన్నడంలో ఉన్న వాక్యాన్ని వాళ్ళకు తెలుగులో చెప్పింది. అనుమతి లేకుండా ఇంజన్ ప్రోగ్రాం మారిస్తే, దానివల్ల పాడైన భాగాలకు వారంటీ రాదు.

"ఏసీకి, స్టీరింగుకు ఉంటాదన్నా. కాలిపోయింది టర్బో, ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం. దానికీ, ఇంజన్‌కూ మాత్రం రాదు. నా చేతిలో ఉంటే చేసేదాన్ని."

ఇంటికి రాగానే యశ్వంత్, "షోరూమోళ్ళు మోసం చేసినారు నాయనా!" అని తండ్రి ముందు కూలబడ్డాడు.

తండ్రి రామచంద్ర ఒకప్పుడు గనిలోకి మనుషులను దించే ఇనుప బోనును తాడుతో పైకీ కిందికీ లాగే ఇంజన్‌కు డ్రైవరు. కొడుకు చెప్పిందంతా విన్నాడు.

"నేను నడిపిన ఇంజన్ ఇంగా జోరుగా పోగలదురా. రాయి లాగేటప్పుడు పోనిచ్చినాను గూడా. బోనులో మనుషులెక్కితే గంట మూడుసార్లు కొడతారు. అప్పుడు ఇంజనీరు పెట్టిన వేగం దాటకూడదు. షిఫ్టు అయిపోయి కింద నిలబడినోళ్ళు తిట్టేవాళ్ళు, 'రామచంద్రా, నిద్రపోతా ఉండావా?' అని. తిట్టించుకున్నాను గానీ వేగం పెంచలేదు. ఇంజన్‌కు బలముండాదని నాకు తెలుసు. తాడు ఎంత తట్టుకుంటాదో తెలీదు. తెలిసినోడు గీత గీసినాడు. నీ కారుకూ గీసినాడు. కారు నీది, దాటల్లనుకుంటే దాటు. కానీ దాటితే ఏం పోతాదో తెలుసుకోని దాటల్ల. నువ్వు వద్దంటారని భయపడి అడగలేదు. ఆ భయమే నీకు జవాబు గదరా!"

"నన్ను ఎవురూ మోసం చేయలేదు నాయనా" అన్నాడు యశ్వంత్ చివరకు.

ఆ ఆరుగురూ వేరే కారు చూసుకున్నారు. ఇంజన్ బాగు చేయించే డబ్బు కూడబెట్టే దాకా యశ్వంత్‌కు మళ్ళీ బెంగళూరు గదే గతి. సోమవారం తెల్లవారుజామున సంచి భుజాన వేసుకుంటుండగా వినుత లేచి వచ్చింది.

"రేపొస్తావా నాయనా?"

"ఆదివారం వస్తానమ్మా."

"రేపు ఆదివారమా?"

అతను ఆమె చేతిని తన చొక్కా మీదనుంచి మెల్లగా విడిపించుకుని రైలుకు బయలుదేరాడు.

మనవాళ్ళను మన దగ్గర ఉంచుతున్న వస్తువు మీద చేయి వేసేముందు దాని కాగితం తెరిచి చదవాలి. వద్దంటారని భయమున్న చోటికే ముందుగా వెళ్ళి అడగాలి.