వెయ్యిన్ని తొమ్మిది గింజలు

నందే పోయిన పదో రోజు, ఆమె ఏరిన చివరి ఇప్పగింజలను ఆ ఇంటి ఆచారం ప్రకారం అందరికీ సమంగా పంచారు. ఒక్కటి మిగిలినా ఆమె ఇంకా పోలేదని అర్థం, ఇంటివాళ్లు ఆ ఇల్లు వదిలెయ్యాలి. ఏడుగురికి పంచితే ఒకటి మిగిలింది. చుట్టాలను కలిపి ఎనిమిదిమందికి, తొమ్మిదిమందికి పంచినా అంతే.

"ఏంది గురూజీ ఇది?" అన్నాడు నందే మొగుడు కేసా.

బడిపంతులు ధర్మయ్య లెక్కపెట్టాడు. "వెయ్యిన్ని తొమ్మిది. ఒక్కనికే అన్నీ ఇయ్యాలె, లేకుంటే వెయ్యిన్ని తొమ్మిదిమందిని తేవాలె. ఇంకెట్ల పంచినా మిగుల్తది."

"అంతమంది మన పరగణాలనే లేరు," అంది నందే అత్త గంగే. "మల్ల పంచు."

ఈసారి కేసా పంచాడు. ఏడుగురికీ సరిపోయాయి.

"పోయింది," అని గంగే లేచింది.

పిడికిట్లో దాచిన గింజతో కేసా ఒక్కడే కూర్చున్నాడు. ఎవరూ లేని ఇంటి లోపల నందే విసురురాయి తిరుగుతోంది.