పేరు చెరిగిన రికార్డు

పాత సామాన్ల కొట్టులో నాకు లాభం ఇత్తడి మీద వస్తే, సుఖం పాత సంగీతం రికార్డుల మీద వస్తుంది. ఆదివారం ఉదయాల్లో మా ఊరి రేడియో కార్యక్రమంలో వాటిని వినిపిస్తాను. సూది గాడిలో పడగానే వచ్చే చిటపటే నాకు కూలి.

ఆ వారం పేరు చెరిగిన రికార్డు పెట్టాను. ఎవరో గాయకుడు లోతైన గొంతుతో రాగాన్ని తాపీగా సాగదీస్తున్నాడు. "ఇంత గంభీరమైన మగగొంతు ఇప్పుడేదీ?" అని మైకులో పొగిడాను. ఆ రికార్డు కొంటానన్న ఒక వకీలు ఇంట్లో వింటున్నాడు. నచ్చితే బేరం ఖాయం.

ఫోను మోగింది. ఎవరో ముసలావిడ.

"ఏం నాయనా, నన్ను మగాణ్ణి చేశావేం?"

"మీరెవరమ్మా?"

"ఆ పాడేది నేనే. నిమిషానికి నలభై అయిదు చుట్లు తిప్పాల్సింది ముప్పై మూడే తిప్పుతున్నావు, అందుకే గొంతు బరువెక్కింది. నేను రికార్డిచ్చానంటే మా కోడలు నమ్మక నవ్వుతుంది. ఇప్పుడు పక్కనే ఉంది, త్వరగా మార్చు బాబూ!"

గబుక్కున వేగం మీట తిప్పాను. గాయకుడు మాయమై, ఒక పడుచు గొంతు చెంగుమని లేచింది. ఫోనులో ముసలి గొంతు దానితో కలిసి పాడింది. వెనక ఎవరో "అత్తయ్యా!" అని కేక పెట్టారు.

రెండో ఫోనులో వకీలు. "ఆడమనిషా? సగం ధరే ఇస్తాను."

"అది అమ్మకానికి లేదండీ, దాని సొంతదారు దొరికింది" అన్నాను.

బేరమాడకుండా సరుకు వదులుకున్నది నేనేనా అనుకుంటూ సూదిని మళ్ళీ మొదటి గాడిలో పెట్టాను.