చెవి దగ్గర నాలుగు మిల్లీమీటర్లు

టైలరు మాస్టారి తలను మూడు సూదిమొనల చట్రంలో బిగించారు. తల కదలకూడదు గానీ మాట ఆగకూడదు. మెదడు బాగుందో లేదో తెలిసేది ఆ మాటతోనే కాబట్టి చర్మం వరకే మత్తిచ్చారు. నెల క్రితం ఆయన కుడిచెయ్యి ఉన్నట్టుండి పట్టు తప్పింది. స్కాన్ తీస్తే మెదడు లోతున గోళీకాయంత గడ్డ బయటపడింది. అదేమిటో తేలాలంటే సన్నని సూదితో ఓ ముక్క తీయాలి. గడ్డను ఆనుకునే ఓ రక్తనాళం ఉంది.

సూదికి దారి చూపేది కంప్యూటరు. దాన్ని నడిపే టెక్నీషియన్ ఈ ఆసుపత్రిలో చేరి ఏడు నెలలే అయింది. ముందురోజు స్కాన్ కోసం తల మీద అంటించిన ఎనిమిది గుర్తు బిళ్లలనూ ఆమె లోహపు పుల్లతో ఒక్కొక్కటే తాకింది. తలా, స్కాన్ బొమ్మా కలిశాయంటూ తెర ఆకుపచ్చగా వెలిగింది. తేడా ఒకటి పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. రెండు దాటకపోతే చాలు.

"ఇక మొదలుపెడదామా?" అన్నాడు సర్జన్. ముక్కు మీద కోపం ఉన్న మనిషి. తర్వాతి కేసు అప్పటికే బయట సిద్ధంగా ఉంది.

"ఒక్క నిమిషం సార్."

ఆమె పుల్ల మొనను మాస్టారి ముక్కు కొసకు ఆనించింది. తెర మీద కూడా అక్కడే ఉంది. ఎడమ చెవి అంచుకు ఆనించింది. తెర మీద మొన చెవిని తాకకుండా గాలిలో వేలాడుతోంది.

"సార్, చెవి దగ్గర నాలుగు మిల్లీమీటర్లు తేడా వస్తోంది."

"చెవి మెత్తనిదమ్మా, వంగుతుంది. అంకె బాగానే ఉందిగా!"

"వెనక ఎముక మీదా అంతే వస్తోంది సార్. ఆ అంకె సగటు. ఒకటి రెండు బిళ్లలు తప్పినా మిగతావి కప్పేస్తాయి."

నర్సు తల దించుకుంది. నా ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకుంది టెక్నీషియన్. అయినా పుల్లను అక్కడి నుంచి తీయలేదు.

అప్పుడు దుప్పటి కింది నుంచి మాస్టారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, చెవి వెనక బిళ్లలు రెండు పొద్దున దిండుకు అంటుకుని ఊడాయమ్మా. మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడమని వేళ్లతో తడిమి నేనే అంటించా. నా కొలత ఎప్పుడూ తప్పదు మరి!"

సర్జన్ కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. "చట్రం విప్పండి. మళ్లీ స్కాన్ తీద్దాం."

గంటంబావు పట్టింది. ఈసారి ముక్కూ చెవీ ఎముకా అన్నీ తెరతో కలిశాయి. ఆమె మూడుసార్లు సరిచూసింది. సర్జన్ మూడుసార్లూ ఆగాడు.

పుర్రెకు వేసిన చిన్న రంధ్రంలోంచి సూది దిగింది. మొదటి ముక్క పక్కగదిలోని మైక్రోస్కోపుకు వెళ్లింది. రెండోది తీస్తుండగా సూదికున్న గొట్టంలో ఎర్రగా నెత్తురు కనిపించింది.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు సర్జన్. సూదిని ఉన్నచోటే ఉంచి, సెలైన్‌తో మెల్లగా కడగసాగాడు. "మాస్టారూ, మాట్లాడుతూ ఉండండి. చొక్కాకి ఏమేం కొలుస్తారు?"

"మెడ... భుజం... ఛాతీ..."

మాట ఆగిపోయింది.

"మాస్టారూ?"

"ఉండండి సార్, ముప్పై ఏళ్లుగా చేతికి అలవాటు, నోటితో వరుసగా చెప్పమంటే తికమకగా ఉంది. ఛాతీ, నడుము, చెయ్యి పొడవు..."

నర్సు ముసుగు లోపల ఫక్కున నవ్వింది. ఎరుపు గులాబీరంగైంది, ఎనిమిది నిమిషాలకు నీళ్లు తేటపడ్డాయి. పక్కగది నుంచి కబురొచ్చింది: ముక్క సరిగ్గా గడ్డలోదే. చివరి స్కాన్‌లోనూ నెత్తురు గడ్డకట్టిన జాడ లేదు.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ అన్న మాట వినగానే మాస్టారి అక్క గోడకు జారగిలబడిపోయింది. మందులకు కరిగే రకమేననీ, తల కోయనక్కర్లేదనీ సర్జన్ రెండోసారి చెప్పాక గానీ ఆమె చెవికెక్కలేదు. ఎక్కాక తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. "బిళ్లలు అంటిస్తావురా నువ్వు!" అంటూ భోరుమంది.

బయటికొస్తూ సర్జన్ టెక్నీషియన్ దగ్గర ఆగాడు.

"ఊడాయా అని పొద్దున నేను అడగాల్సింది సార్," అందామె.

"నేనూ అడగలేదుగా," అన్నాడాయన. "రేపట్నుంచి బిళ్ల చుట్టూ సిరాతో గీత గియ్యి. ఊడితే తెలుస్తుంది. చెవి చూశానని నువ్వు చెప్పేదాకా నేను కత్తి పట్టను."