కళాయి పోయిన బిందె

చావట్లో అతిథుల పాప మళ్ళీ వాంతి చేసుకునేసరికి తల్లి కూడా గోడ పట్టుకుని కూలబడింది. తండ్రి తన పొట్ట పట్టుకుని, వంటింటి గడపలో నిలబడ్డ చిన్నకోడలి వైపు చూశాడు.

తాతల నాటి రైతు ఇంటిని అతిథుల బసగా మార్చింది పెద్దబావగారు. పొద్దున్నే ఫలహారం చేసిపెట్టేది మాత్రం ఆమె ఒక్కతే. ఏం జరిగినా నింద పడేది ఆమె నెత్తినే.

పడనే పడింది. విరిగిన పాలు చూసుకోకుండా పోసిందని బావగారు ఫోన్లో డాక్టరుకు చెబుతున్నాడు. పాలు ఇప్పుడే కాచానని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు.

"నువ్వు చేసిన నిర్వాకం చాల్లే తల్లీ, ఇక ఊరుకో" అన్నాడు.

పాలు కాదండీ, ఆ బిందెలో నిమ్మరసం తాగాం అని నేల మీంచి పాప తల్లి గొణిగింది.

చిన్నకోడలు చావడి అవతలి గోడ దగ్గరికి పరుగెత్తింది. అలంకారానికి పెట్టిన ఇత్తడి బిందె అది. లోపలి కళాయి పూత ఎప్పుడో ఊడిపోయింది. పులుపు తగిలితే విషమని ఇంట్లో ఎవరూ వాడరు. ఇప్పుడు అందులో నిమ్మరసం, అంచు చుట్టూ ఆకుపచ్చ మరక. తను నిన్న గాజు జగ్గులో కలిపి పెట్టిన రసమే.

కళాయి పోయిన బిందెలో నిమ్మరసమని ఆమె అరవగానే స్పీకర్లో డాక్టరు గొంతు మారింది. ఎంతసేపు నిలవుందో తెలిస్తేనే వైద్యం తేలుతుంది, పోసినవాళ్ళను అడగమన్నాడు.

"ఇంకెవరండీ, వంటిల్లు ఆవిడదే కదా" అన్నాడు బావగారు.

కాదనడానికి ఆమె దగ్గర సాక్ష్యం లేదు. మొగుడు ఊళ్ళో లేడు. పాప చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. మూల మంచం మీదున్న అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీరు పడుకునేది ఈ చావట్లోనే కదా. నాకోసం కాదు, ఈ పసిదాని కోసం చెప్పండి."

అత్తగారు కొడుకు వైపు చూసింది.

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడతను.

ముసలావిడ లేచింది. లోపలికి వెళ్ళలేదు. కొడుకు చేతిలోంచి ఫోను లాక్కుంది.

"రాత్రే పోశాడు డాక్టరుగారూ. ఫొటోల్లో పాతకాలం కళ రావాలని. వద్దురా అంటే వినలేదు."

"ఎవరమ్మా?"

"మా పెద్దోడు."