దొరగారి పిక్కలు

దశరథం కాళ్ళను ఇద్దరు జీతగాళ్ళు చెరొకటి పట్టుకుని గుంజుతుంటే దొర కోటలాంటి తన గడీ అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు. "సక్కగ గావాలెరా! ఇంక జర గుంజుండ్రి" అని హుషారు చేస్తున్నాడు. నిజాంసాగర్ కాలువ వచ్చి ఊరంతా చెరకు వేసిన కాలం. బోధన్‌లో కొత్త చక్కెర ఫ్యాక్టరీ గొట్టం లేస్తున్న కాలం. అంత గొప్ప కాలంలో ఆ దొరకు దొరికిన వినోదం ఇది. బెల్లం గానుగ దగ్గర పనిచేసే వాళ్ళంతా చూశారు, చూసి తలలు దించుకుని పనిలోకి పోయారు.

దశరథం ముప్పై దాటినవాడు. పుట్టుకతోనే కాళ్ళూ ఎడమ చెయ్యీ బిగుసుకుపోయాయి. మాట సాగి సాగి వస్తుంది. బుద్ధి మాత్రం దొరకు ఉన్నదానికంటే చురుకైనది, అయినా అదేమంత పెద్ద పొగడ్త కాదు. పగలంతా బెల్లం పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ ఆ వేడికి బాగానే ఉంటాడు. పొద్దు వాలి పొయ్యి ఆరిందంటే తొడలూ పిక్కలూ పట్టేస్తాయి. అప్పుడు అన్న రాజనర్సు ఇప్పనూనె వెచ్చబెట్టి తొడ నుంచి మడమ దాకా మెల్లగా పిసకాలి. మోకాలు వణికితే ఆగాలి, వణుకు తగ్గాక వంచి చాపాలి. తొందరపడితే కండ ఇంకా బిగుస్తుంది. ఆ పిసుకుడు లేకపోతే దశరథానికి నిద్ర ఉండదు, తెల్లారి లేవడమూ ఉండదు.

సరిగ్గా ఆ వేళకే దొరగారికీ పిక్కలు నొస్తాయి. ఏం చేసి నొస్తాయో ఆయనకే తెలియాలి. అరుగు మీంచి పీట మీదికి, పీట మీంచి పరుపు మీదికి, ఇంతే కదా ఆయన నడక! ఆ పిక్కలు పిసకడం రాజనర్సు వాళ్ళ మంగలి ఇళ్ళ వెట్టి. ముందురోజు రాజనర్సు తమ్ముడి కాళ్ళు చూసుకుని ఆలస్యంగా వెళ్ళాడు. దానికి శిక్షే ఈ గుంజుడు.

"నీ శేతుల సత్తువంత గా వంకర కాళ్ళకు పోస్తే నాకేం మిగుల్తదిరా?" అన్నాడు దొర రాజనర్సుతో. "ఇగ వాన్ని ముట్టినవో, ఊర్లె ఉండవు."

రాజనర్సు తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. దశరథం ఏడవలేదు. నొప్పి కంటే అతనికి అసహ్యం ఎక్కువైంది.

"అన్నా... ఇగ... పోకు."

"పోకుంటె ఊకుంటడా?"

"ఊకోడు... పోకు."

ఆ సాయంత్రం రాజనర్సు గడీకి పోలేదు. కానీ దాయాది భోజన్న పోయాడు, అదీ తలకు కొత్త రుమాలు చుట్టుకుని! దొర కాళ్ళు పిసకడం ఈ రెండిళ్ళకూ వంతుల వారీ పని. ఎవరి వంతు ఎక్కువని తాతల నాటి నుంచీ పంచాయితీ. దాన్ని హక్కు అనేవాళ్ళు. వెట్టికి హక్కని పేరు పెట్టుకుని సొంత మనుషులతో కొట్లాడుకునే తెలివి దొర నేర్పింది కాదు, మనవాళ్ళకు మనవాళ్ళే నేర్పుకున్నారు. "ఇగ వంతంత మా ఇంటిదే" అని భోజన్న వాడంతా చెప్పుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గానుగ దగ్గర అందరూ కూడారు. నిజామాబాదు గంజి బజారుకు బెల్లం బండ్లు తోలే నూరుల్లా మొదలుపెట్టాడు.

"గంజిల సంఘపోల్లు సెప్పిండ్రు భాయ్. వెట్టి జేపియ్యద్దని సర్కారే హుకుం ఇచ్చిందట. గీ దొరలే దాసిపెట్టి నడుపుతున్నరు."

"గట్లయితే నేను గడీ బట్టలుతక" అంది చాకలి అంజవ్వ. "గా మురికి ఆయన్నే ఉతుక్కోమను."

భోజన్న విసుక్కున్నాడు. "మీకేంది! నేను పోకుంటె ఇంకోడు పోతడు."

దశరథం చెయ్యెత్తాడు. అతని మాట కోసం ఆగడం గానుగ వాళ్ళకు అలవాటే.

"భోజన్నా... నిన్న... ఎంతసేపు... పిసికినవ్?"

"దొర గుర్రు వెట్టేదాక."

"మీ అవ్వకు... నడుము... నొస్తది గద. ఆమెకు... ఎన్నడన్న... పిసికినవా?"

భోజన్న తల మీది రుమాలు సర్దుకున్నాడు.

"సెప్పవేందిరా?" అంది అంజవ్వ.

"యాళ్ళ దొరకలే" అన్నాడు భోజన్న నేల చూస్తూ. ఎవరో కిసుక్కుమన్నారు గానీ నవ్వు సాగలేదు. అక్కడున్న ఎవరి తల్లికీ ఆ వేళ దొరకలేదు మరి. భోజన్న రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం గడీకి ఎవరూ పోలేదు, మర్నాడూ పోలేదు. దొరకు గడ్డం మాసింది, ధోవతి కంపు కొట్టింది. జీతగాడొకడు పిక్కలు పిసకబోయి తన్ను తిన్నాడు, తిని వాడూ గానుగ దగ్గరికి వచ్చేశాడు. ఊరిని గడగడలాడించే మొనగాడికి తన కాళ్ళు తనకు అందవని అందరికీ తెలిసిపోయింది.

చివరికి దొర కబురు పెడితే బోధన్ నుంచి పోలీసు అమీను దిగాడు. వెట్టి మానిపించింది వీడేనని పట్టపగలు గడీ ముందు రాజనర్సు చేతులకు బేడీలు వేశాడు. జనమంతా అక్కడికి వచ్చారు. దశరథాన్ని నూరుల్లా బండి మీద తెచ్చాడు.

జైలంటే రాజనర్సుకు భయం లేదు. చూపంతా తమ్ముడి కాళ్ళ మీదే ఉంది. "పొద్దుమీకితె వీని సంగతేంది?" అన్నాడు.

భోజన్న ముందుకొచ్చాడు. బండెక్కి కూర్చుని దశరథం కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. బొడ్డున దోపుకున్న ఇప్పనూనె బుడ్డి తీసి, గడీ వాకిట్లో, దొర కళ్ళ ముందే పిసకసాగాడు. మోకాలు వణికింది.

"ఆగు" అన్నాడు రాజనర్సు బేడీలతోనే. "వణుకు తగ్గనియ్యి."

భోజన్న ఆగాడు. అరుగు మీద దొర లేచి నిలబడ్డాడు. "ఏం తమాషరా ఇది? తీస్కపోండి వాన్ని!"

అమీను రాజనర్సును తోయబోయాడు. అప్పటికే దశరథం చెయ్యెత్తి ఉన్నాడు.

"జర ఆగు సాబ్, మావోడు మాట్లాడుతున్నడు" అని అంజవ్వ అడ్డం నిలిచింది. ఆమె వెనక గానుగంతా నిలిచింది. అమీను ఆగాడు. దొరా ఆగక తప్పలేదు.

"దొరా..." అన్నాడు దశరథం. దవడ బిగిసింది, వదిలింది. "ఇయ్యాల... నీ కాళ్ళు... ఎవలు... పిసుకుతరు?"

జనం పకపకా నవ్వారు. బేడీల్లో రాజనర్సూ నవ్వాడు. ఆ నవ్వుతోనే అందరూ అతని వెంట బోధన్ బాట పట్టారు. ముందు నూరుల్లా బండి, బండిలో దశరథం, అతని కాళ్ళ దగ్గర భోజన్న.

జీతగాళ్ళూ ఆ గుంపులో కలిశారు, వెనక గడీలో ఒక్కడూ మిగల్లేదు. అంత పెద్ద తలుపు దొరే నెట్టుకుని మూసుకోవలసి వచ్చింది.