తలుపు వేసే ఉంది

చేపల గోదాము తలుపు మీద మేనేజరు ఓడ్వార్ అంటించిన కాగితం చూడగానే నాకు ఒళ్లు మండింది. ‘హెర్దిస్, తలుపు వేశావా?’ అని ఎర్ర సిరాతో, అక్షరం అరచేయంత. హెర్దిస్ ఆ కోల్డ్ రూమ్‌ను ముప్ఫై నాలుగేళ్లుగా చూసుకుంటోంది. ఓడ్వార్ వచ్చి మూడేళ్లయినా కాలేదు.

నెల రోజులుగా గది సున్నా దగ్గర నిలవడం లేదు, ఆరు డిగ్రీలకు పాకుతోంది. నాకంటే ముందు వచ్చిన మెకానిక్ పైపు మీది గాజుబిళ్లలో బుడగలు చూసి, గ్యాస్ తగ్గిందని నింపాడు. పది రోజులకు వచ్చి మళ్లీ నింపాడు. అప్పటికీ చల్లబడకపోయేసరికి, ఎవరో తలుపు తెరిచి వదిలేస్తున్నారని తేల్చి చక్కా పోయాడు. లోపలి ఒత్తిడి చూపే గేజీలు తగిలించడానికి ఆ మహానుభావుడికి చేతులు రాలేదు.

ఓడ్వార్‌కు అంతే చాలు. హెర్దిస్ తల్లి మతిమరుపుతో చివరికి కూతుర్నే గుర్తుపట్టలేకపోయిందని రేవులో అందరికీ తెలుసు. ఒకసారి డాక్టరుకు చూపించుకోమని కాఫీ బల్ల దగ్గర, పదిమందిలో ఆమెకు సలహా ఇచ్చాడట. అప్పటినుంచి ఆమె రోజూ ఇంటికెళ్లాక మళ్లీ సైకిలేసుకొచ్చి తలుపు లాగి చూస్తోంది. ఫోన్‌లో మూసిన తలుపు ఫోటోలు ఇరవై ఆరున్నాయి. అవి కూడా తనే తీసిందా అని ఒక్కోసారి అనుమానమొస్తోందని చెప్పింది. ఆ మాట విని నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

గేజీలు తగిలించి, పైపులకు థర్మామీటర్లు కట్టాను. లోపలి కాయిల్‌లోకి ద్రవంగా వచ్చిన గ్యాస్ అంతా ఆవిరయ్యాక ఇంకా ఎంత వేడెక్కిందో అది సూపర్‌హీట్. ఆరు డిగ్రీలు ఉండాల్సింది, పంతొమ్మిది ఉంది. బయట ద్రవంగా మారాక ఇంకా ఎంత చల్లబడిందో అది సబ్‌కూలింగ్. ఐదు ఉండాల్సింది, పదమూడు చూపించింది. గ్యాసే తక్కువైతే ఈ రెండోది పడిపోవాలి. ఇక్కడ గ్యాస్ పీకలదాకా ఉంది, కాయిల్‌లోకి పోయే దారే లేదు.

ఈలోగా ఓడ్వార్ వచ్చి, ఇంకాస్త గ్యాస్ పట్టి రిపోర్టులో తలుపు సంగతి రాసేయమన్నాడు.

“చెయ్యి ఇటివ్వు,” అని కాయిల్‌కు పోయే దారిలో ఉన్న ఫిల్టరుకు ఇవతల పైపు పట్టించాను. “ఎలా ఉంది?”

“గోరువెచ్చగా ఉంది.”

“ఇప్పుడు అవతల పట్టుకో.”

చటుక్కున చెయ్యి తీసేశాడు. అక్కడ పైపు చెమట పట్టి చల్లగా ఉంది.

“ఫిల్టరు పూడుకుపోయింది ఓడ్వార్. తలుపు బార్లా తెరిచిపెట్టినా ఈ అంకెలు రావు. నెల్రోజులుగా నువ్వు తిట్టాల్సింది దీన్ని.”

“సరే, మార్చెయ్,” అన్నాడు. ప్యాంటుకు చెయ్యి తుడుచుకుని, పక్కనే ఉన్న హెర్దిస్‌ వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. తప్పయిందని ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయి కాబోలు.

ఫిల్టరు మార్చి, ఎక్కువైన గ్యాస్ సిలిండరులోకి లాగేశాను. సూపర్‌హీట్ ఆరుకొచ్చింది. మధ్యాహ్నానికి గది సున్నాకు దిగింది. హెర్దిస్ ఆ అంకెను చాలాసేపు చూసింది.

“అయితే నేను తలుపు వేశానా?”

“వేశావు హెర్దిస్. రోజూ వేశావు.”

కాగితం నేనే పీకి ముక్కలు చేశాను. ఐదింటికి ఆమె తలుపు వేసి సైకిలెక్కింది. నేను వ్యాన్‌లో సామాను సర్దుతుండగానే తిరిగొచ్చింది. నన్ను చూసి సిగ్గుపడింది. అయినా వెళ్లి తలుపు లాగి చూసింది.

వేసే ఉంది.