ఆకుపచ్చ పట్టీ

గుర్రాలూ దూడల పోటీలు జరిగే రోడియో పండగ వారంలో ఆ ఊళ్ళో పట్టీ లేని చెయ్యి కనబడదు. పాన్‌కేకుల పందిరికి పసుపు పట్టీ, గుర్రాల పోటీకి ఎరుపు, బీరు గుడారానికి ఆకుపచ్చ. పండగ అయిపోయినా ఎవరూ తీయరు, అదో గొప్ప. అందుకే ఒరెస్ట్ ముసలాయన్ని స్ట్రెచర్ మీద ఆసుపత్రికి తెచ్చినప్పుడు అతని మణికట్టుకున్న ఆకుపచ్చ పట్టీని ఎవరూ పట్టించుకోలేదు.

దూడ తన్నిన తన్నుకి అతని మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. నొప్పికి మార్ఫిన్ సూది ఇచ్చాక మాట ముద్దముద్దగా వస్తోంది. నర్సు డార్లీన్ డ్రిప్ పెట్టడానికి చెయ్యి పట్టుకుని కత్తెర తీసింది.

“ఈ పట్టీ అడ్డంగా ఉంది. కత్తిరించేయనా తాతా?”

“వద్దొద్దు! సిటీలో ఆ పిల్ల కట్టింది. తీస్తే ఊరుకోనంది.”

“అమ్మ దొంగా! ఈ వయసులో సిటీ పిల్లలు కావాల్సొచ్చారా నీకు?”

గదంతా గొల్లుమంది. డాక్టర్ గ్వెన్ కూడా నవ్వింది. ఆ ఊళ్ళో పురుళ్ళు పోసేదీ, దగ్గులకి మందిచ్చేదీ, ఆపరేషన్ రోజున మత్తిచ్చేదీ ఆవిడే.

“ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా తాతా?” అనడిగింది.

“కన్ను...” అన్నాడు ఒరెస్ట్.

“అది ఊరందరికీ తెలిసిందేలే!”

తెలిసిందే మరి. చిన్నప్పుడు బార్లీ ముల్లు గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. దాని చోట గాజు కన్ను పెట్టించుకున్నాడు, పిల్లలు అడిగితే తీసి చూపిస్తాడు కూడా. ట్రాక్టరు తోలినా, పేకాటలో మోసం పట్టినా అంతా కుడి కంటితోనే. ఒరెస్ట్ ఇంకేదో చెప్పబోయాడు గానీ నొప్పికి మూలిగాడు. గ్వెన్ అతని ముఖానికి మాస్కు పెట్టి, “ఇంక హాయిగా పడుకో,” అంది.

సర్జన్ ఎముక సర్ది మరలు బిగిస్తున్నాడు. ఒరెస్ట్ ఊపిరిలోకి మత్తుమందుతో పాటు నైట్రస్, అదే నవ్వించే గ్యాస్, నిమ్మళంగా వెళుతోంది. అంతా బాగానే ఉంది. డ్రిప్ ఒక్కటే మొరాయించింది. సూది కదిలిందేమోనని గ్వెన్ దుప్పటి ఎత్తి చెయ్యి వెల్లకిలా తిప్పింది. పట్టీకి అటువైపు అక్షరాలున్నాయి.

‘కంట్లో గ్యాస్ బుడగ ఉంది. నైట్రస్ ఇవ్వకూడదు.’

కింద సిటీ కంటి డాక్టరు ఫోన్ నంబరు. గ్వెన్ మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివితే మాత్రం మారతాయా అక్షరాలు? చెయ్యి దానంతటదే వెళ్ళి నైట్రస్ కట్టేసింది.

“ఏమైంది డాక్టర్?” అంది డార్లీన్.

“ఇది బీరు పట్టీ కాదే! కుడికన్నే, డార్లీన్, ఆ ఉన్న ఒక్క కన్నే! సిటీలో దానికి ఆపరేషన్ చేశారు!”

డార్లీన్ వంగి పట్టీ మీది అక్షరాలు చదివింది.

కంటి వెనక పొర ఊడిపోతే అతికించి, అది మళ్ళీ కదలకుండా లోపల గ్యాస్ బుడగ నింపుతారు. కొన్ని వారాలకి అది మెల్లగా నెత్తుట్లో కరిగిపోతుంది. ఈ మాయదారి నైట్రస్ ఉందే, గాలిలోని నైట్రోజన్ కన్నా ముప్పై రెట్లు పైగా నెత్తుట్లో కరుగుతుంది. అందుకని గుంపులు గుంపులుగా బుడగలోకి జొరబడుతుంది. లోపలున్నదేమో అంత తొందరగా బయటికి రాలేదు. బుడగ ఉబ్బుతుంది, కన్ను సాగదు, ఒత్తిడికి నెత్తురు అందడం ఆగిపోతుంది. ఏటా నర్సింగ్ పిల్లలకి ఈ పాఠం చెప్పేది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఈ గ్వెనే. జింజర్ ఏల్ సోడా సీసా ఊపి, మూత తీసి, “కరిగిన గ్యాస్ ఊరుకోదర్రా, సందు దొరికితే దూరుతుంది,” అని నవ్విస్తూ చెబుతుంది.

ఇప్పుడు రెప్ప మీద వేలు పెట్టి చూసింది. కుడికన్ను రాయిలా ఉంది. ఎడమ రెప్పనీ తాకింది. గాజు కన్నుకీ దానికీ తేడా తెలియలేదు.

ఆ నంబరుకి ఫోన్ చేస్తే కంటి డాక్టరు, “నైట్రస్ ఎంతసేపు వెళ్ళింది?” అనడిగాడు. గ్వెన్ చెప్పింది. ఆయన ఆ అంకె మళ్ళీ చెప్పించుకున్నాడు.

“ఉత్త ఆక్సిజన్ ఇవ్వండి. ఒత్తిడి తగ్గే మందు ఎక్కించండి. లేచాక చూద్దాం.”

చెప్పినట్టల్లా చేసింది. నైట్రస్ వచ్చినంత జోరుగానే పోయింది, కన్ను మళ్ళీ మెత్తబడింది. గ్వెన్ పాడు ఆశ ఒకటి పెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక పక్కగదిలో ఒరెస్ట్ మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మిట్టమధ్యాహ్నం. డార్లీన్ తెర పక్కకి లాగడంతో ఎండ తిన్నగా అతని ముఖం మీద పడింది. ఒరెస్ట్ కదిలాడు, రెప్పలు విప్పాడు.

“డాక్టరమ్మా, నా పట్టీ తీసెయ్యలేదు కదా?”

“లేదు తాతా. నీ చేతికే ఉంది.”

రెండో చేత్తో తడుముకుని చూసుకున్నాడు. ముఖం విప్పారింది.

“హమ్మయ్య! అది ఉన్నంతసేపూ కంటికేం భయం లేదంది ఆ పిల్ల. మరి లైటు వేసుకోరేం, చీకట్లో కూర్చున్నారు?”